మార్టిన్ నాస్మిత్: మర్మరా సముద్రంలోకి చొరబడిన జలాంతర్గామి నాయకుడు

1915 మే 25, మధ్యాహ్న వేళ. ఒట్టోమన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్, అంటే నేటి ఇస్తాంబుల్, ఎప్పటిలాగే రద్దీగా ఉంది. రేవులో ఆయుధశాల గట్టున స్టాంబుల్ అనే రవాణా నౌక లంగరు వేసి ఉంది. ఉన్నట్టుండి భూమి అదిరినంత శబ్దంతో ఆ నౌక పక్కన నీరు పైకి ఎగసింది. శతాబ్దాలుగా శత్రు నౌక చొరబడని రేవు అది. దాడి ఎక్కడి నుంచి వచ్చిందో చాలామందికి తెలియలేదు. నిమిషాల్లో దుకాణాల తలుపులు మూసుకున్నాయి. ప్రయాణానికి ఓడలెక్కిన సైనికులను మళ్లీ గట్టుకు దింపారు.

నీటి కింద ఉన్న బ్రిటిష్ జలాంతర్గామి ఈ-11లో మాత్రం విజయోత్సాహానికి సమయం లేదు. వారు వదిలిన మొదటి టార్పెడో దారి తప్పి రేవులో గుండ్రంగా తిరగసాగింది. రెండవది గురికి తగిలింది. మొదటిది తిరిగి తిరిగి తమ మీదకే రావచ్చు. దాని నుంచి తప్పించుకోవడానికి లోతుకు దిగిన జలాంతర్గామిని బోస్ఫరస్ ప్రవాహం పట్టుకుంది. అడుగున గట్టును తాకి, అది తన ప్రమేయం లేకుండానే గిరగిర తిరిగింది. ఆ క్షణాల్లో చేతులు వణకకుండా నిలబడి, దిక్సూచిని చూసుకుంటూ ఓడను బయటకు తెచ్చిన నాయకుడు లెఫ్టినెంట్ కమాండర్ మార్టిన్ ఎరిక్ నాస్మిత్. అప్పటికి ఆయన వయస్సు 32 ఏళ్లు.

నౌకాదళ చరిత్ర పుస్తకాలు నాస్మిత్‌ను సాహసిగా పరిచయం చేస్తాయి. ఆ మాట అబద్ధం కాదు కానీ అసంపూర్ణం. మర్మరాకు చేరేముందు ఆయన వృత్తి జీవితంలో విజయాల కంటే వైఫల్యాలే ఎక్కువ. ఆ వైఫల్యాలే ఆయనకు చదువు చెప్పాయి.

ఆయన 1883 ఏప్రిల్ 1న లండన్ సమీపంలోని బార్న్స్‌లో జన్మించారు. 15వ ఏట నౌకాదళంలో చేరారు. బ్రిటన్ తన తొలి జలాంతర్గాములను సమకూర్చుకుంటున్న రోజులవి. పెద్ద పెద్ద యుద్ధనౌకల మీద పెరిగిన అధికారులకు ఈ చిన్న ఇనుప గొట్టాలంటే చిన్నచూపు. నీటి కింద దాగి కొట్టడం మర్యాదస్తుల యుద్ధం కాదని భావించినవారూ ఉన్నారు. లోపల పెట్రోలు ఆవిరి, బ్యాటరీల వాసన, తడి, చీకటి. అయినా యువ అధికారులు కొందరు అటే మొగ్గారు. అంత చిన్న వయస్సులో సొంతంగా ఒక నౌకకు నాయకత్వం వహించే అవకాశం మరెక్కడా దొరకదు మరి.

నాస్మిత్‌కు ఆ అవకాశం ఏ-4 రూపంలో వచ్చింది. 1905 అక్టోబరులో పోర్ట్స్‌మత్ ఎదుట స్పిట్‌హెడ్ జలాల్లో నీటి కింద గంట మోగించి సంకేతాలు పంపే ప్రయోగం జరుగుతోంది. జలాంతర్గామి పాక్షికంగా మునిగి ఉండగా, దారిన పోతున్న ఓడ లేపిన అల తెరిచి ఉన్న గాలి గొట్టంలోకి పొర్లింది. ఏ-4 సుమారు 90 అడుగుల లోతుకు జారిపోయింది. దీపాలు ఆరిపోయాయి. ఉప్పునీరు బ్యాటరీలను తాకితే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. ఆ చీకట్లో, ఆ ఘాటులో ట్యాంకుల్లోని నీటిని బయటకు నెట్టి ఓడను పైకి తేగలిగారు. లోపలివారందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఖాళీగా లాక్కొస్తున్నప్పుడు ఏ-4 మళ్లీ మునిగిపోయింది. 22 ఏళ్ల నాయకుడు సైనిక న్యాయస్థానం ముందు నిలబడవలసి వచ్చింది.

ఆ మచ్చ ఆయన ఎదుగుదలను ఆపలేదు. 1912లో ఐదవ జార్జి చక్రవర్తి జలాంతర్గామిలో నీటి కిందకు వెళ్లాలని ముచ్చటపడినప్పుడు, ఆ డీ-4కు నాయకుడు నాస్మితే. కానీ యుద్ధం మొదలయ్యాక అదృష్టం మళ్లీ ముఖం చాటేసింది. 1914 అక్టోబరులో మూడు జలాంతర్గాములను బాల్టిక్ సముద్రంలోకి పంపారు. రెండు లోపలికి వెళ్లాయి. ఈ-11 మాత్రం శత్రు గస్తీల మధ్య దారి దొరకక వెనుదిరిగింది. అంతకన్నా ఇబ్బందికరమైన సంగతి మరొకటి ఉంది. ఆ ప్రయత్నంలోనే నాస్మిత్, తటస్థ దేశమైన డెన్మార్క్ జలాంతర్గామిని జర్మన్ నౌకగా పొరబడి టార్పెడో ప్రయోగించారు. అది గురి తప్పడం అందరి అదృష్టం. రెండు నెలల తరువాత, క్రిస్మస్ రోజున, జర్మన్ తీరంలోని కుక్స్‌హాఫెన్ మీద దాడి చేసి తిరిగి వస్తూ ఇంధనం అయిపోయి సముద్రంలో దిగిన విమాన చోదకులను, పైన జర్మన్ వాయునౌక తిరుగుతుండగానే, ఈ-11 ఎక్కించుకుని తీసుకువచ్చింది. ఆ రోజు ఆయన శత్రువును ముంచలేదు, ప్రాణాలు కాపాడారు.

మర్మరాకు దారి ఇలా పడింది. ఈ సముద్రం పటంలో చూస్తే చిన్నదే. తూర్పు నుంచి పడమరకు సుమారు 280 కిలోమీటర్లు. చుట్టూ టర్కీ భూభాగమే. తూర్పున బోస్ఫరస్ జలసంధి దాన్ని నల్ల సముద్రంతో కలుపుతుంది. పడమట డార్డనెల్స్ జలసంధి ఏజియన్ సముద్రంతో కలుపుతుంది. రష్యా నల్ల సముద్రపు రేవులకు ఓడలు చేరాలంటే ఈ రెండు సందులూ దాటక తప్పదు. డార్డనెల్స్ పొడవు 60 కిలోమీటర్ల పైచిలుకు. చనక్కలే వద్ద దాని వెడల్పు కిలోమీటరున్నర కూడా లేదు. రెండు గట్ల మీద కోటలు, ఫిరంగులు, దీపపు కిరణాలు. నీటిలో వరుసలుగా మందుపాతరలు. 1915 మార్చి 18న బ్రిటిష్, ఫ్రెంచ్ యుద్ధనౌకలు దాన్ని బలవంతంగా ఛేదించబోయి మూడు భారీ నౌకలను పోగొట్టుకున్నాయి. ఏప్రిల్ 25న గల్లిపోలి ద్వీపకల్పం మీద సైన్యాన్ని దించారు. ఆ సైన్యంలో బ్రిటిష్, ఫ్రెంచ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దళాలతోపాటు భారతీయులూ ఉన్నారు. కంచరగాడిదల మీద నీరు, తూటాలు మోసిన దళాలు మొదటి రోజుల నుంచే అక్కడ ఉన్నాయి. తరువాత 29వ భారతీయ పదాతి బ్రిగేడ్ వచ్చింది.

ఎదుటి పక్షాన గట్టిగా నిలిచిన టర్కీ సైన్యానికి తిండి, మందుగుండు, కొత్త సైనికులు అందరూ రాజధాని నుంచి ఓడల మీద మర్మరా గుండానే వచ్చేవారు. సముద్రం మీద ఒక రాత్రి ప్రయాణం. నేల మీదైతే రైలు దిగిన తరువాత ఎన్నో రోజుల కాలినడక. ఆ నీటి దారిని తెంచడం ఒక్క జలాంతర్గామికే సాధ్యం.

సాధ్యం అన్న మాట కూడా అప్పటికి అనుమానమే. 1914 డిసెంబరులో నార్మన్ హోల్‌బ్రూక్ అనే అధికారి పాతబడిన బీ-11తో మందుపాతరల కిందుగా జలసంధిలోకి వెళ్లి మెసూదియే అనే యుద్ధనౌకను ముంచి తిరిగి వచ్చారు. కానీ ఆయన మర్మరా దాకా వెళ్లలేదు. ఫ్రెంచ్ జలాంతర్గాములు సఫీర్, జూల్ జలసంధిలోనే అంతమయ్యాయి. ఏప్రిల్ 17న ఈ-15 ప్రవాహానికి కొట్టుకుపోయి కోట ఫిరంగుల కిందే ఒడ్డెక్కింది; నాయకుడు మరణించారు. ఆస్ట్రేలియాకు చెందిన ఏఈ-2 లోపలికి చేరింది కానీ ఐదు రోజుల్లో మునిగింది, సిబ్బంది బందీలయ్యారు. ఎడ్వర్డ్ బోయిల్ నడిపిన ఈ-14 మాత్రం మూడు వారాలు మర్మరాలో తిరిగి మే 18న క్షేమంగా బయటకు వచ్చింది. బోయిల్ తెచ్చిన వివరాలు విని, ఆ రాత్రి గడవకముందే నాస్మిత్ బయలుదేరారు.

డార్డనెల్స్ నీటికి ఒక విచిత్ర స్వభావం ఉంది. పైన నల్ల సముద్రం నుంచి వచ్చే తక్కువ ఉప్పు నీరు పడమటికి వేగంగా పారుతుంది. దాని కింద ఏజియన్ నుంచి వచ్చే బరువైన ఉప్పునీరు ఎదురు దిశలో సాగుతుంది. ఆ రెండు పొరల మధ్య హద్దులో జలాంతర్గామి తూకం తప్పుతుంది; ఉన్నపళంగా పైకి తేలుతుంది లేదా కిందికి దిగబడుతుంది. తరువాత తరువాత నావికులు ఆ శత్రువునే పరుపుగా మార్చుకున్నారు. మోటార్లు ఆపేసి బరువైన నీటి పొర మీద ఓడను ఆనించి, నిశ్శబ్దంగా నిద్రపోయేవారు.

ఈ-11 సుమారు 55 మీటర్ల పొడవున్న ఓడ. విశాఖ సాగరతీరంలో సందర్శకులు చూసే కుర్సురా జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. దానిలో దాదాపు మూడింట రెండు వంతులన్నమాట. అందులో 30 మంది. బ్యాటరీలు నింపుకోవడానికి రాత్రిపూట పైకి తేలక తప్పదు. ఆ మొదటి యాత్రలో దానికి ఫిరంగి కూడా లేదు. టార్పెడోలు, కొన్ని తుపాకులు, అంతే.

లోపలికి చేరిన నాస్మిత్ మొదట చేసిన పని ఒక తెరచాప పడవను పట్టుకుని తన ఓడ పక్కన కట్టుకోవడం. దూరం నుంచి చూసేవారికి పడవే కనిపిస్తుంది, దాని చాటున జలాంతర్గామి ఉంటుంది. మే 23న రాజధాని ఎదుటనే పెలెంక్-ఇ-దెర్యా అనే గన్‌బోటును ముంచారు. మునిగిపోతూనే ఆ నౌక పేల్చిన గుండు ఈ-11 పెరిస్కోప్‌ను చీల్చింది. ఆ తుపాకీదారుల ధైర్యాన్నీ చెప్పుకోవాలి.

మరునాడు నగారా అనే చిన్న స్టీమరు ఎదురైంది. ఫిరంగి లేదు గనుక తుపాకీ పేల్చి ఆపారు. ప్రయాణికులు, సిబ్బంది కంగారుగా పడవల్లోకి దూకారు. కొన్ని పడవలు తలకిందులయ్యాయి. ఓడ మీద మిగిలిన ఒక వ్యక్తి కమ్మీ దగ్గరకు వచ్చి, తాను అమెరికా పత్రికా విలేకరినని తాపీగా పరిచయం చేసుకున్నారు. ఆయన రేమండ్ గ్రామ్ స్వింగ్. తరువాతి కాలంలో రేడియో వ్యాఖ్యాతగా అట్లాంటిక్‌కు రెండు వైపులా పేరు పొందారు. అందరూ పడవల్లోకి దిగాక నాస్మిత్ సహాయకుడు గై డాయిలీ-హ్యూస్ ఓడలోకి వెళ్లి చూస్తే పెద్ద ఫిరంగి, దాని గుళ్లు బయటపడ్డాయి. ఓడను పేల్చివేశారు. అదే రోజు ఒడ్డెక్కిన మరొక ఓడను సమీపించబోతే, గట్టు మీదకు గుర్రపు దళం వచ్చి తుపాకులతో జలాంతర్గామిని తరిమేసింది. అశ్వికులకు జలాంతర్గామితో యుద్ధం జరగడం లోకంలో అరుదైన సంగతే.

ఆ మరుసటి రోజుదే కాన్‌స్టాంటినోపుల్ రేవులోని దాడి.

టార్పెడోలు కొద్ది. కొత్తవి తెచ్చుకోవాలంటే మళ్లీ జలసంధి దాటాలి. నాస్మిత్ వాటిని గురి తప్పినప్పుడు మునగకుండా తేలేటట్లు సరిచేయించారు. తరువాత వెతికి పట్టుకుని, ముందు భాగంలోని పేలుడు యంత్రాన్ని విప్పాలి. ఒక్క పొరపాటు జరిగితే చుట్టుపక్కల ఎవరూ మిగలరు. మొదటిసారి ఆ పనికి నాయకుడే స్వయంగా నీటిలోకి దిగి ఈదారు. పిదప టార్పెడోను ఓడ వెనుక గొట్టంలోకి నీటి మట్టం మీదుగానే చొప్పించే పద్ధతి కనిపెట్టారు. ఇది చమత్కారమైన ఉపాయమే, అయితే నిబంధనలకు విరుద్ధం కూడా. గురి తప్పిన టార్పెడో దానంతట అదే నిరపాయం కావాలని 1907 నాటి హేగ్ ఒప్పందం చెబుతుంది. దొరకకుండా పోయిన తేలు టార్పెడోకు యుద్ధనౌకకు, చేపల పడవకు తేడా తెలియదు. ఆయన కీర్తిని చెప్పేవారు ఈ సంగతిని తరచు చమత్కారంగానే దాటవేస్తారు.

జూన్ 7న తిరుగు ప్రయాణం. జలసంధిలో భారీ యుద్ధనౌక దొరుకుతుందని దాచుకున్న టార్పెడోలు ఇంకా ఉన్నాయి. నౌక కనబడలేదు. అప్పటికే ప్రమాదకరమైన భాగాన్ని చాలా వరకు దాటిన ఓడను వెనక్కు తిప్పి, మునుపు చూసిన రవాణా నౌకను ముంచి, మళ్లీ దారి పట్టారు. కిలిత్‌బహిర్ సమీపంలో, లోతైన చోట, నేలను రాసుకున్నట్టు ఒక శబ్దం వినిపించింది. అక్కడ నేల తగిలే అవకాశం లేదు. నాస్మిత్ ఓడను కొద్దిగా పైకి తెచ్చి పెరిస్కోప్‌లో చూశారు. ఎడమ వైపు ముందు రెక్కకు గొలుసు చిక్కుకుని, కొన్ని అడుగుల దూరంలో పెద్ద మందుపాతర ఒకటి తమతో పాటే ప్రయాణిస్తోంది.

పైకి తేలి దాన్ని విడిపించుకుందామంటే గట్టు మీద ఫిరంగులున్నాయి. ఆగుదామంటే ప్రవాహం దాన్ని ఓడ మీదకే తోస్తుంది. ఆయన తాను చూసినది సిబ్బందికి చెప్పలేదు. పెరిస్కోప్‌ను దించి, లోతుకు దిగి ముందుకు సాగమని ఆజ్ఞ ఇచ్చారు. గంటకు పైగా ఆ మృత్యువును లాక్కుంటూ ఓడ నడిచింది. జలసంధి ముఖద్వారం దాటిన తరువాత, ఓడ ముందు భాగాన్ని నీటిలోనే ఉంచి తోకను పైకి లేపి, పూర్తి వేగంతో వెనక్కు నడపమన్నారు. వెనుకకు లాగిన వేగానికి, మరల వల్ల లేచిన నీటి ఉరవడికి గొలుసు జారి మందుపాతర అడుగుకు పోయింది. ఏం జరిగిందో లోపలివారికి అప్పుడు తెలిసింది.

విక్టోరియా క్రాస్ పతకం జూన్ 25న ప్రకటించారు. ఆ యాత్ర లెక్కలో ఒక గన్‌బోటు, రెండు రవాణా నౌకలు, ఒక మందుగుండు నౌక, మూడు సరుకు నౌకలు ఉన్నాయి. ఆయన జలసంధి దాటడానికి మూడు రోజుల ముందు, జూన్ 4న, గల్లిపోలి దక్షిణ కొనలోని లోయలో 14వ సిక్కు పటాలం ఒక్క పగటిలో తన సైనికులలో అధిక భాగాన్ని కోల్పోయింది. వారి ఎదుట ఉన్న కందకాలకు తూటాలు అందుతూనే ఉన్నాయి.

ఆగస్టులో నాస్మిత్ మళ్లీ లోపలికి వెళ్లారు. ఈసారి ఓడకు ఫిరంగి అమర్చారు. గల్లిపోలిలో పెద్ద దాడి మొదలైన వారమది. 7వ తేదీన ఈ-11, ఈ-14 కలిసి తీరం వెంట యుద్ధభూమికి నడిచి వెళ్తున్న టర్కీ దళాల మీద గుళ్లు కురిపించాయి. 8వ తేదీ ఉదయం బార్బరోస్ హైరెద్దీన్ అనే భారీ యుద్ధనౌక రక్షక నౌకలతో గల్లిపోలి వైపు వస్తూ ఎదురైంది. జర్మనీలో నిర్మితమై 1910లో ఒట్టోమన్లు కొన్న పాత నౌక అది. ఒక్క టార్పెడోతో నిమిషాల వ్యవధిలో మునిగిపోయింది. సుమారు 250 మంది మరణించారు. సారీ బేర్ కొండల మీద గూర్ఖాలు శిఖరం కోసం పోరాడుతున్న రోజులవి. ఆ యుద్ధనౌక గమ్యం చేరి ఉంటే దాని ఫిరంగులు, అది మోసుకొస్తున్న మందుగుండు ఆ కొండల పోరుకు తోడయ్యేవి. శిఖరం చేతికందిన గూర్ఖాలు మరునాడే దాన్ని వదులుకోవలసి వచ్చింది. ముంచినది వృథా అని కాదు, చాలలేదు.

అదే యాత్రలో డాయిలీ-హ్యూస్ రాత్రిపూట చిన్న తెప్పను తోసుకుంటూ ఇజ్మిత్ అఖాతం ఒడ్డుకు ఈది, రైలు మార్గం కింద పేలుడు పదార్థం పెట్టి, వెంబడించిన కావలివారిని తప్పించుకుని ఈదుతూ తిరిగి వచ్చారు. నీటి దారి మూసుకుపోతే శత్రువు రైలును నమ్ముకుంటాడు, రైలునూ కొట్టాలి అన్నది నాస్మిత్ ఆలోచన.

నిజంగానే టర్కీ సేనానులు సైనికులను ఎక్కువగా నేల దారికి మళ్లించారు. సరుకులను తీరం వెంట చిన్న పడవల్లో, రాత్రిళ్లు తరలించారు. అందువల్ల జలాంతర్గాముల వేట కూడా చిన్న పడవల మీదకు మళ్లింది. మూడు యాత్రల్లో ఈ-11 ముంచిన 80కి పైగా నౌకల్లో అధిక భాగం ఇలాంటివే. వాటిలో యుద్ధసామగ్రి ఉండవచ్చు, ధాన్యమూ ఉండవచ్చు. పడవ మాత్రం ఏ తీర గ్రామంలోని కుటుంబానికో జీవనాధారం. సిబ్బందిని ముందుగా దింపి, తరువాతే పడవను ముంచడం సాధారణంగా పాటించిన నియమం. రెండేళ్ల తరువాత అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాములు హెచ్చరిక లేకుండా ఓడలను ముంచిన తీరుతో పోల్చి చూస్తే ఆ నియమం విలువ తెలుస్తుంది. దిగి ఒడ్డు చేరినవారికి ఇల్లు గడిచే దారి మిగలలేదన్నదీ నిజమే.

మూడవ యాత్ర నవంబరు 6న మొదలైంది. అప్పటికి సెప్టెంబరులో ఈ-7 ఉక్కు వలలో చిక్కి అంతమైంది. ఫ్రెంచ్ జలాంతర్గామి టర్కాయిస్ శత్రువు చేతికి చిక్కినప్పుడు అందులోని కాగితాలూ చిక్కాయి. వాటిలో రాసి ఉన్న సంకేత స్థలానికి వచ్చిన ఈ-20ను అక్కడ పొంచి ఉన్న జర్మన్ జలాంతర్గామి ముంచింది. ఆ ఏడాది డార్డనెల్స్ పనిలో మొత్తం ఎనిమిది జలాంతర్గాములు పోయాయి. నాస్మిత్ మాత్రం ఏడు వారాల పాటు మర్మరాలో ఉండి, యార్‌హిసార్ అనే డిస్ట్రాయరును ముంచి, డిసెంబరు 23న బయటకు వచ్చారు. మూడు రోజుల క్రితమే సువ్లా, అన్జాక్ తీరాల నుంచి సైన్యం వెనుదిరిగింది. జనవరి 9 నాటికి గల్లిపోలిలో ఎవరూ మిగలలేదు. మర్మరాలో ఆయన గడిపిన సుమారు 97 రోజుల శ్రమ ఓడిపోయిన దండయాత్ర ఖాతాలోకే చేరింది.

ఈ-11ను 1921లో మాల్టాలో పాత ఇనుముగా అమ్మివేశారు. 1920లో వివాహమైన తరువాత నాయకుడు డన్‌బార్-నాస్మిత్ అయ్యారు. డార్ట్‌మత్ నౌకా కళాశాలకు అధిపతిగా, తరువాత బ్రిటిష్ జలాంతర్గామి దళానికి అధిపతిగా పనిచేశారు. 1932 నుంచి 1934 వరకు ఆయన ఈస్టిండీస్ నౌకాదళ ప్రధానాధికారి. సింహళంలోని త్రికోణమలై ఆ దళానికి స్థావరం. హిందూ మహాసముద్రం ఆయన పరిధి. భారతదేశపు రాయల్ ఇండియన్ మెరైన్ సంస్థ రాయల్ ఇండియన్ నేవీగా రూపాంతరం చెందింది 1934లోనే.

రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభంలో ప్లిమత్‌లో ప్రధానాధికారిగా ఉన్నప్పుడు ఆయనకు అప్పగించిన పని, విచిత్రంగా, జలాంతర్గాముల నుంచి ఓడలను కాపాడటం. ఒకనాడు తాను వేటాడినట్టే జర్మన్ నావికులు వేటాడుతున్నారు. 1940 జూన్‌లో నార్వే సముద్రంలో గ్లోరియస్ అనే విమానవాహక నౌక జర్మన్ యుద్ధనౌకల ఫిరంగులకు బలైంది. ఆ నౌక కెప్టెన్, ఇజ్మిత్‌లో రాత్రిపూట ఈదిన డాయిలీ-హ్యూస్, తన నౌకతోనే పోయారు.

ఉద్యోగ విరమణ తరువాత, 1948 నుంచి 1954 వరకు, నాస్మిత్ ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్‌కు ఉపాధ్యక్షులుగా ఉన్నారు. సమాధులు, స్మారకాల సంరక్షణ ఆ సంస్థ బాధ్యత. గల్లిపోలి కొనన ఉన్న హెల్లెస్ స్మారకం కూడా అందులోదే. సమాధి దొరకని 20 వేలకు పైగా సైనికుల పేర్లు ఆ రాళ్ల మీద ఉన్నాయి; వాటిలో భారతీయ దళాలవారివీ ఉన్నాయి. జలాంతర్గాముల్లో పోయినవారికి నేల మీద సమాధులుండవు. వారి పేర్లు ఇంగ్లండ్ రేవు పట్టణాల స్మారకాల మీద చెక్కారు. బార్బరోస్ నావికులు మర్మరా అడుగుననే ఉన్నారు.

నాస్మిత్ 1965 జూన్ 29న, 82వ ఏట, స్కాట్లండ్‌లోని ఎల్గిన్‌లో కన్నుమూశారు. ఆ ఊరి శ్మశానంలోనే ఆయన సమాధి ఉంది.